జడుపు దిగే దారి

దూరం నడిస్తే గాయపడ్డ మనసు కుదుటపడుతుందా అన్నది ఈ స్మారకోపన్యాసానికి విషయం. పోయినవారి పేరు నిలుపుకోవడానికి కూడిన సభలో అడగదగిన ప్రశ్నే ఇది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన పెద్దలు, ఉపాధ్యాయులు, వైద్యులు, విద్యార్థులలో చాలామంది ఇళ్లలో రెండు తరాల కిందటి దాకా ‘రంగం’ అనే మాట వినిపించేది. రంగం అంటే రంగూన్. ఓడెక్కి అక్కడికి కూలికి వెళ్లి, 1942లో కాలినడకన ఇంటిదారి పట్టి, ఇల్లు చేరనివారికి ఈ నేల మీద సమాధి లేదు. తద్దినం పెట్టడానికి తిథి కూడా తెలియదు. ఉత్తరాంధ్రలో నడక గురించి ఏం చెప్పినా వారిని దాటి చెప్పడం కుదరదు.

పెద్ద భయం తగిలిన మనిషి స్థితికి తెలుగులో పాత మాట జడుపు. పిల్లవాడు జడుసుకున్నాడంటారు, జడుపు జ్వరమంటారు, తాయెత్తు కడతారు, మంత్రం వేయిస్తారు. ఆ చికిత్సల సంగతి ఎలా ఉన్నా, ఆ మాట వెనక ఉన్న అవగాహన మాత్రం తీసిపారేయదగింది కాదు. భయం తలలో ఆలోచనగా ఉండిపోదు, ఒంట్లోకి దిగుతుంది. దిగినదాన్ని మళ్లీ దించాలి. ఆధునిక వైద్యం ఈ చోటికి ఆలస్యంగా వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, 1915లో, ‘షెల్ షాక్’ అనే పేరు వైద్య పత్రికలకెక్కింది, అదీ సైనికుల విషయంలోనే. యుద్ధం, అత్యాచారం, ప్రకృతి విపత్తు, ప్రమాదం, ఏది కారణమైనా తరవాత మిగిలే రుగ్మతను ఒక్క పేరు కిందికి తెచ్చి అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తన నిర్ధారణ గ్రంథంలో చేర్చింది 1980లో. దాని లక్షణాలు ఇప్పుడు అందరికీ తెలిసినవే: జరిగిపోయింది జరిగిపోయినట్టు అనిపించదు, నిద్రలో మళ్లీ జరుగుతుంది, చిన్న చప్పుడుకు ఒళ్లు ఉలిక్కిపడుతుంది, ఆ చోటికి, ఆ మాటకు, ఆ మనుషులకు మనిషి దూరంగా తప్పుకుంటాడు. వీటన్నిటికీ అడుగున ఉన్నది ఒకటే. ఆ వేళ తన చేతుల్లో ఏమీ లేకపోయిందన్న అనుభవం.

నడక మందు అనేవారు సాధారణంగా గాలి, వెలుతురు, కాళ్ల కదలిక గురించి చెబుతారు. అవి నిజమే కానీ చాలవు. ఈ రెండు జిల్లాల చరిత్రను దగ్గరగా చూస్తే, ఒకే కాళ్లు, ఒకే దూరం, ఒకచోట గాయమయ్యాయి, మరొకచోట మందయ్యాయి. తేడా అడుగులో లేదు. బయలుదేరాలని ఎవరు నిర్ణయించారు, ఎక్కడ ఆగాలో ఎవరి ఇష్టం, పక్కన ఎవరున్నారు, దారిలో గుక్కెడు నీళ్లు ఎవరిచ్చారు, చివర ఎదురుచూసేవారున్నారా అన్న దాంట్లో ఉంది. ఉపన్యాసం నిలబెట్టదలచింది ఇంతే.

ఈ ప్రాంతపు లిఖిత చరిత్ర మొదలయ్యేదే గాయంతో. క్రీ.పూ. 261 ప్రాంతంలో, పట్టాభిషేకం జరిగిన ఎనిమిదో ఏట, అశోకుడు కళింగాన్ని జయించాడు. పదమూడో శిలాశాసనం ప్రకారం లక్షన్నర మందిని చెరపట్టి తరలించారు, లక్షమంది యుద్ధంలో చనిపోయారు, అంతకు ఎన్నో రెట్లమంది తరవాత పోయారు. ఆ తరలింపు ఏ దారిన, ఎంత దూరం సాగిందో ఊహించుకోవలసిందే. తన పశ్చాత్తాపాన్ని చెప్పుకున్న ఆ శాసనాన్ని రాజు కళింగంలో చెక్కించలేదు. ధౌళిలో గాని, శ్రీకాకుళం సరిహద్దుకు ఉత్తరాన గంజాం జిల్లాలో ఉన్న జౌగడలో గాని అది కనిపించదు. దెబ్బతిన్నవారి ముందు వారి దెబ్బను లెక్కకట్టి చూపడానికి మనసొప్పలేదేమో. అక్కడ ఎనిమిదో శాసనం మాత్రం ఉంది. పూర్వపు రాజులు వేటకూ వినోదానికీ విహారయాత్రలు చేసేవారని, తాను పదో ఏట బుద్ధుడికి జ్ఞానోదయమైన సంబోధికి వెళ్లి అప్పటినుంచి ధర్మయాత్రలు మొదలుపెట్టానని అది చెబుతుంది. యాత్రలో పెద్దలను దర్శించడం, పల్లె జనాన్ని కలిసి మాట్లాడడం దాని పద్ధతి. రాజు నడిచాడో ఏనుగెక్కాడో శాసనంలో లేదు. యుద్ధం చేసిన మనిషి రెండేళ్లకు తన ప్రయాణాల తీరు మార్చుకున్నాడన్నది మాత్రం రాతి మీద ఉంది. దెబ్బతిన్న కళింగ ప్రజలు ఎలా కోలుకున్నారో చెప్పే శాసనం ఏదీ లేదు.

పద్దెనిమిది శతాబ్దాల తరవాత ఇదే తీరపు దారిన ఒక సన్న్యాసి కాలినడకన దిగాడు. చైతన్యుడు 1510లో పూరీ నుంచి దక్షిణానికి బయలుదేరినప్పుడు చెప్పిన కారణం, ఇల్లు విడిచి వెళ్లిపోయిన అన్న విశ్వరూపుణ్ణి వెతకడం. ఆ మాట ఒక నెపమేనని, అన్న ఇక లేడని ఆయనకు ముందే తెలుసునని చైతన్య చరితామృతం అంటుంది. భక్తులకు అది ముఖ్యం. గాయం గురించి ఆలోచించేవారికి మరో విషయం ముఖ్యం. శ్రీకూర్మం, సింహాచలం, గోదావరి తీరం దాటి, దక్షిణమంతా తిరిగి పండరిపురం చేరాక, అన్న అక్కడే దేహం చాలించాడన్న కబురు ఆయనకు అందింది. వెతుకులాటగా మొదలైన నడక ఆ కబురుతో ఆగిపోలేదు, సాగుతూనే పోయింది. శ్రీకూర్మంలో జరిగినట్టు చరితామృతం చెప్పే సంఘటన కూడా గుర్తుంచుకోదగ్గది. కుష్ఠు సోకిన వాసుదేవుడనే బ్రాహ్మణుడు స్వామి వచ్చాడని విని వచ్చేసరికి ఆయన వెళ్లిపోయాడు. ఆ మనిషి కూలబడి ఏడిస్తే, నడిచి వెళ్లినవాడు వెనక్కి వచ్చి కౌగిలించుకున్నాడు. దాన్ని మహిమగా నమ్మవచ్చు, నమ్మకపోవచ్చు. ఎవరూ ముట్టుకోని మనిషికి ఆ క్షణం ఎంతటిదో అర్థం కావడానికి నమ్మకంతో పని లేదు.

శ్రీకాకుళం, నరసన్నపేట, టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం మీదుగా జగన్నాథానికి వెళ్లే ఈ దారి శతాబ్దాల పాటు నడిచేవారి దారే. సత్రాలు, చెరువుగట్లు, చలివేంద్రాలు, మామిడితోపులు దానికి అంగాలు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసులో కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరాడు. తిరుగు ప్రయాణంలో ఈ ప్రాంతం గుండానే వచ్చాడు. ఆయన వచ్చింది పల్లకీలో. ఆ పదిహేను నెలలు నిజానికి నడిచినవారు బోయీలు. తెలుగులో యాత్రాసాహిత్యానికి పునాది వేసిన ఆ పుస్తకం వారి భుజాల మీద సాగింది, వారి మనసు గురించి రాసినవారు లేరు.

ఇక రంగం దారి. పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, బారువ రేవుల్లో స్టీమరెక్కి ఉత్తరాంధ్ర కూలీలు బర్మా వెళ్లారు. రంగూన్ రేవులో బస్తాలు దించారు, బియ్యపు మిల్లుల్లో పనిచేశారు, రిక్షాలు లాగారు. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో తెలుగువారు సుమారు లక్షన్నర. రంగూన్ నగర జనంలో సగానికి పైగా భారతీయులు. వారిని అక్కడ ‘కొరంగీలు’ అనేవారు. గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవు పేరు మొత్తం ఒక జాతికి తగిలించిన మాట అది, వాడుకలో తిట్టుగా మారింది. 1930 మేలో రేవు కూలీల సమ్మె విరమణ వేళ చెలరేగిన అల్లర్లలో వందమందికి పైగా చనిపోయారు, వారిలో ఎక్కువమంది తెలుగువారే. అంటే పన్నెండేళ్ల తరవాత నడక మొదలయ్యేనాటికే ఆ జనంలో ఒక జడుపు పాతుకుని ఉంది.

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. రేవులో కూలీలు ఆ రోజే ఊరు వదిలి ఉత్తరానికి నడక సాగించారు. వారు లేకపోతే రేవు ఆగిపోతుందని ప్రభుత్వం నచ్చజెప్పి చాలామందిని వెనక్కి రప్పించింది. మార్చి 8న రంగూన్ జపాన్ వశమయ్యేసరికి ఓడలు లేవు, మిగిలింది కాళ్లే. ప్రోమ్ దగ్గర ఐరావతి దాటి, అరకాన్ కొండల మీదుగా టౌంగుప్ చేరి, అక్కడినుంచి పడవల్లో చిట్టగాంగ్‌కు వెళ్లే దారి ఒకటి; కలరా దాన్ని శ్మశానం చేసింది. మాండలే నుంచి తమూ మీదుగా ఇంఫాల్, దిమాపూర్‌కు మరొకటి. అన్నిటికీ చివర, మే నెల వానలు మొదలయ్యాక, ఉత్తరాన హుకాంగ్ లోయ గుండా అస్సాంలోని లెడోకు వెళ్లేది మూడోది. బురదలో, జలగల్లో, ఆకలిలో అది ఎన్నో ప్రాణాలు తీసింది. తెల్లవారికి ఒక దారి, నల్లవారికి ఒక దారి అన్న వివక్ష మీద ఆ నాడే దేశంలో ఆగ్రహం రేగింది. మొత్తం నాలుగైదు లక్షలమంది నడిచారని చరిత్రకారుల అంచనా. చనిపోయినవారు పదివేలని కొందరు, యాభైవేలని కొందరు, ఇంకా ఎక్కువని మరికొందరు. లెక్కల్లో ఇంత తేడా రావడమే ఆ మనుషులకు ఎంత విలువ ఇచ్చారో చెబుతుంది. చరిత్రకారుడు హ్యూ టింకర్ 1975లో దీని మీద వ్యాసం రాస్తూ, శీర్షికలోనే దాన్ని మరిచిపోయిన మహానడక అన్నాడు.

బతికి వచ్చినవారు ఏ ఊరికి వచ్చారో కూడా చూడాలి. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదా బాంబులు పడ్డాయి. పారిపోయి వచ్చిన చోట కూడా ఆకాశం వైపు చూసి బతకవలసి వచ్చింది. ఊళ్లో భూమి లేదు. రంగంలో దాచుకున్న సొమ్ము రంగంలోనే పోయింది. దారిలో వదిలేసిన తల్లి గురించి, మోయలేక దించిన బిడ్డ గురించి అడిగేవారెవరు, చెప్పేదెవరికి? వైద్యంలో ఆ గాయానికి పేరే లేని కాలం అది. 1962 తరవాత సైనిక ప్రభుత్వం దుకాణాలు జాతీయం చేసినప్పుడు వచ్చినవారికి ఓడలు, శిబిరాలు, పునరావాస పథకాలు కొంతైనా దొరికాయి. కంచరపాలెం దగ్గరి బర్మా క్యాంపు ఆ జ్ఞాపకమే. 1942 వారికి అటువంటి చిరునామా మిగలలేదు. వందల మైళ్ల నడక వారి మనసును కుదుటపరచలేదు. ఆ నడకే గాయం. ఆ దారిలో ఆగడం అంటే చావడం. ముందున్నది ఏమిటో ఎవరికీ తెలియదు. పక్కవాడు కూలబడితే దాటి వెళ్లక తప్పలేదు.

సరిగ్గా అదే యుద్ధం నుంచి వచ్చిన ఒక అమెరికన్ సైనికుడు నడక వైపే తిరిగాడు. ఎర్ల్ షాఫర్ పసిఫిక్ దీవుల్లో పనిచేశాడు. చిన్ననాటి స్నేహితుణ్ణి ఇవో జిమాలో పోగొట్టుకున్నాడు. యుద్ధాన్ని ఒంట్లోంచి నడిచి వదిలించుకోవాలన్న ఉద్దేశంతో 1948లో జార్జియా నుంచి మేన్ దాకా అపలాచియన్ దారి పొడుగునా, దాదాపు 3,300 కిలోమీటర్లు, ఒంటరిగా నడిచాడు. ఆ దారిని ఒకే విడతలో పూర్తి చేసిన మొదటివాడిగా ఆయన పేరే నమోదైంది. తరవాతి తరాల్లో ఇరాక్, అఫ్ఘానిస్తాన్ నుంచి వచ్చిన సైనికులు అదే దారి పట్టారు. షాఫర్‌కూ హుకాంగ్ లోయలో నడిచిన పాలకొండ కూలీకీ కాళ్లలో తేడా లేదు. ఒకడు ఏ రోజైనా మానేసి రైలెక్కి ఇంటికి పోగలడు. రెండోవాడికి ఆ దారి లేదు.

శాస్త్రం చెప్పేది కూడా ఈ కోణంలో చదివితే మరింత అర్థమవుతుంది. 2011లో వెలువడిన ఒక అమెరికన్ పరిశోధనలో 120 మంది వయోవృద్ధుల్లో సగంమంది వారానికి మూడు రోజులు, నలభై నిమిషాల చొప్పున ఏడాదిపాటు నడిచారు. జ్ఞాపకాలను కాలక్రమంలో అమర్చే హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగం వారిలో సుమారు రెండు శాతం పెరిగింది, నడవనివారిలో తగ్గింది. వారు మనోగాయం ఉన్నవారు కారు. అయితే మనోగాయ రోగుల్లో ఆ భాగం చిన్నదై ఉండడం ఎన్నో అధ్యయనాల్లో కనిపించింది కాబట్టి ఈ ఫలితం ఆశ పుట్టిస్తుంది. 2015 నాటి మరో అధ్యయనంలో, చెట్లూ గడ్డీ ఉన్న చోట తొంభై నిమిషాలు నడిచినవారిలో ఒకే బాధను తిరగదోడుకునే అలవాటు తగ్గింది, రద్దీ రోడ్డు పక్కన నడిచినవారిలో తగ్గలేదు. మామిడితోపులు పోయి నాలుగు, ఆరు వరుసల రహదారి వచ్చిన ఈ తీరానికి ఇది పట్టించుకోవలసిన సంగతి. చివరగా, జ్ఞాపకం మెదులుతుండగా చూపును ఎడమకూ కుడికీ కదిలించే ఇ.ఎమ్.డి.ఆర్. చికిత్స ఆలోచన ఫ్రాన్సిన్ షాపిరోకు 1987లో ఒక పార్కులో నడుస్తుండగా తట్టిందంటారు. ఆ కదలిక పాత్ర ఎంతన్నది నేటికీ వివాదమే. ఈ అధ్యయనాలన్నిటిలో ఒకటి మాత్రం అడగకుండానే ఉండిపోయింది: నడిచినవారంతా నడవడానికి ఒప్పుకున్నవారే.

సమూహపు గాయానికి నడకను మందుగా వాడిన ఉదాహరణ ఇక్కడే ఉంది. జమీందారీ శిస్తులు, వెట్టి, అక్రమ వసూళ్లతో కుంగిన రైతులు 1930ల చివర ఇచ్ఛాపురంలో యాత్ర మొదలుపెట్టారు. రెండువేల మందికి పైగా రైతులు తొమ్మిది జిల్లాల మీదుగా 130 రోజులు, 1,500 మైళ్లకు పైగా నడిచారు. దారి పొడుగునా వందల సభలు జరిగాయి. 1,100కు పైగా అర్జీలు పోగుచేసి 1938 మార్చి 27న మద్రాసులో శాసనసభకు అందించారు. నడక పొడవు కంటే ఆ అర్జీలే ఎక్కువ చెబుతాయి. ప్రతి అర్జీ వెనకా ఒక ఊరు తన బాధను మొదటిసారి పైకి చెప్పుకున్న రాత్రి ఉంది, విని రాసుకున్న మనిషి ఉన్నాడు. బర్మా దారిలో లేనిది అదే. అయితే ఆ యాత్రతో కష్టం తీరిందనడం అబద్ధమవుతుంది. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. కొద్ది రోజులకే, ఏప్రిల్ 1న, మందస జమీందారీలో పోలీసు కాల్పులకు వీరగున్నమ్మ, మరికొందరు రైతులు బలయ్యారు. నడక మనిషికి గొంతునిస్తుంది. ఎదుటివాడి చేతిలో తుపాకీని అది దించలేదు. 2003 నుంచి కొన్ని రాజకీయ పాదయాత్రలు ఇచ్ఛాపురంలో ముగిశాయి. రైతుల యాత్ర అక్కడ మొదలైందన్న సంగతి ఆ ఊరు దాటితే గుర్తున్నవారు తక్కువ.

నేటికీ బతికి ఉన్న నడక సింహాచలం గిరిప్రదక్షిణ. ఆషాఢ పౌర్ణమికి ముందురోజు చతుర్దశినాడు, కొండ అడుగున తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరి, అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక, అప్పూఘర్, సీతమ్మధార, మాధవధార, ఎన్.ఏ.డి. కూడలి, గోపాలపట్నం మీదుగా 32 కిలోమీటర్లు చుట్టివస్తారు. లక్షలమంది వస్తారు, శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి ఆటోల్లో, బస్సుల్లో, రైళ్లలో దిగేవారు వారిలో పెద్ద భాగం. రాత్రంతా నడిచి, తెల్లవారి అప్పన్నను చూసి, చందన సమర్పణ నాలుగో విడత జరిగే పౌర్ణమినాడు ఇంటికి మరలుతారు.

దీని నిర్మాణాన్ని చికిత్స దృష్టితో విప్పి చూడవచ్చు. మొక్కుకున్నది నడిచేవాడే, అంటే నిర్ణయం అతనిది. కొడుకు పోయిన తల్లి, తుపానుకు తోట కూలిన రైతు, పడవ మునిగి బతికిన మత్స్యకారుడు ఆ గుంపులో ఉండవచ్చు. ఎవరి మొక్కు ఏమిటని ఎవరూ అడగరు, చెప్పాలనిపించినవారు పక్కవారికి చెబుతారు. ఎదురెదురుగా కూర్చుని చెప్పలేనిది పక్కపక్కన నడుస్తూ చెప్పడం తేలిక; చూపులు కలవక్కర్లేదు, మాట ఆగినా అడుగు ఆగదు. దారి పొడుగునా మజ్జిగ, పులిహోర, అరటిపండ్లు పంచేవారు, కాళ్లకు నూనె రాసేవారు ఉంటారు. ఎక్కడైనా కూర్చోవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, ప్రదక్షిణకు చివర బయలుదేరిన చోటే వస్తుంది. జపాన్‌లోని షికోకు దీవిలో 88 ఆలయాలను కలుపుతూ సుమారు 1,200 కిలోమీటర్లు సాగే యాత్ర కూడా వలయమే, అక్కడా యాత్రికులకు దారిలోనివారు తినుబండారాలు, నాణేలు ఇవ్వడం ఆచారం. శరణార్థి దారి ముందుకే పోతుంది. ప్రదక్షిణ ఇంటికి తెస్తుంది.

కోరి నడిచే నడకకూ నడవక తప్పని నడకకూ మధ్య 1942 గీసిన గీత 2020లో మళ్లీ కనిపించింది. మార్చి చివర లాక్‌డౌన్‌తో పని, బస, బండి ఒక్కసారిగా పోయి, చెన్నై నుంచి, హైదరాబాదు నుంచి వలస కూలీలు పదహారో నంబరు జాతీయ రహదారి మీద ఉత్తరానికి నడిచారు. వారిలో ఒడిషా, బెంగాల్, బిహార్ వారితో పాటు ఈ జిల్లాలవారూ ఉన్నారు. తీరం వెంట ఊళ్లవాళ్లు అన్నం పొట్లాలు, నీళ్లు, చెప్పులు ఇచ్చారు. అది చిన్న సాయం కాదు. గాయపు నడకను మందు నడక వైపు ఒక్క అడుగు జరిపేది అటువంటి సాయమే. అయినా ఆ నడక వారు కోరుకున్నది కాదు, ఇచ్చినవారి దయ ఆ సంగతిని మార్చలేదు.

వైద్యపరమైన హద్దులు చెప్పకుండా ఈ విషయం పూర్తికాదు. తీవ్రమైన మనోగాయానికి మొదటి చికిత్స, జరిగినదాన్ని శిక్షణ పొందినవారి సాయంతో కొద్దికొద్దిగా ఎదుర్కొనే మానసిక చికిత్స, అవసరమైతే మందులు. నడక దానికి తోడు, బదులు కాదు. కొత్తగా దెబ్బతిన్నవారిని ఒంటరిగా దూరం పంపితే జ్ఞాపకాలు ముంచుకొచ్చి మీద పడవచ్చు. చావు ఆలోచనలు ఉన్నవారి విషయంలో ఇది మరీ ప్రమాదం. 2022 అక్టోబరులో కేంద్రం ప్రారంభించిన టెలీ మానస్ అనే మానసిక సహాయ ఫోన్ సేవ 14416 నంబరు మీద తెలుగులోనూ దొరుకుతుంది. శ్రీకాకుళం జిల్లాకు ప్రత్యేకమైన జాగ్రత్త మరొకటి ఉంది. కవిటి, సోంపేట, కంచిలి, పలాస, మందస, వజ్రపుకొత్తూరు, ఇచ్ఛాపురం మండలాల ఉద్దానంలో దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి ఇంటింటా ఉంది. కారణం ఇంకా తేలలేదు. ఎండలో చాకిరీ, ఒంట్లో నీరు తగ్గడం అనుమానిస్తున్న కారణాల్లో ఉన్నాయి. 2018 అక్టోబరు 11 నాటి తిత్లీ తుపానులో కొబ్బరి, జీడితోటలు కోల్పోయి గట్టిగా జడుసుకున్నవారూ వారే. మనసుకు నడక అందరికంటే అవసరమైనవారికి ఒంటికి అది అందరికంటే ప్రమాదం. అటువంటివారికి ఎండ దిగాక, కొద్ది దూరం, నీళ్లు చేతిలో పెట్టుకుని, వైద్యుణ్ణి అడిగిన తరవాతే.

గిరిప్రదక్షిణ చేయలేనివారు సింహాచలంలో కొండ మీదే గుడి చుట్టూ తిరుగుతారు. ముసలివారు, బాలింతలు, మోకాళ్లు పట్టినవారు మనవరాలి చేయి పట్టుకుని, చాలినన్ని చుట్లు వేసి, అలసిపోతే మండపంలో కూర్చుంటారు.